నీలి పాపలు, పేపరు మీద పేర్లు

1945 మే 19 నాటి ‘జామా’లో, అంటే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి పత్రికలో, పద్నాలుగు పేజీల వ్యాసం ఒకటి ఉంది. పుట్టుకతోనే గుండెలో లోపం ఉండి, ఊపిరితిత్తులకి రక్తం సరిగా అందని పిల్లలకి చేసిన ఆపరేషన్ గురించి. మొత్తం ముగ్గురు పిల్లల కేసులు. శీర్షిక కింద రెండే పేర్లు: ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్, హెలెన్ టౌసిగ్. అదే వరసలో.

ఆ పిల్లల్ని అప్పట్లో ‘బ్లూ బేబీస్’ అనేవారు. పెదవులు, గోళ్ళు నీలంగా ఉండేవి. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చి గొంతుక్కూర్చునేవాళ్ళు. చాలామంది పెద్దయ్యేదాకా బతికేవాళ్ళు కాదు. గుండె జోలికి పోకూడదని సర్జన్లు గట్టిగా నమ్ముతున్న రోజులు. ఈ ఆపరేషన్‌లో గుండెను ముట్టుకోలేదు. చేతికి వెళ్ళే ధమనిని మళ్ళించి ఊపిరితిత్తుల ధమనికి కుట్టారు. ఒంట్లోకి పోవలసిన రక్తంలో కొంత మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, ఆక్సిజన్ పట్టుకుని వస్తుంది. పంపు రిపేరు చెయ్యలేనప్పుడు పైపు మార్చడం లాంటిది. ఫలితం ఎంత స్పష్టంగా కనిపించిందంటే, కొందరు పిల్లల పెదవులు ఆపరేషన్ బల్ల మీదే గులాబీ రంగుకి తిరిగాయి. ఆ పేపరు తర్వాత బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రికి ప్రపంచం నలుమూలల నుంచీ తల్లిదండ్రులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు.

ఈ కథని చాలామంది చాలాసార్లు చెప్పారు, సినిమా కూడా తీశారు. నాకు ఆసక్తి కలిగించింది శీర్షిక కింద ఉన్న ఆ ఒక్క లైను.

వైద్య పరిశోధన పత్రాల్లో రచయితల పేర్ల వరస ఆషామాషీగా పెట్టేది కాదు. ఇవాళ్టి ఆనవాయితీ ప్రకారం పని ఎక్కువగా చేసినవాళ్ళు మొదట, ఆ పనికి పెద్ద దిక్కు చివర, మిగతావాళ్ళంతా మధ్యలో. ఉద్యోగాలు, ప్రమోషన్లు, గ్రాంటులు చాలావరకు ఆ రెండు కొసల లెక్క మీదే నడుస్తాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ ఇలాంటిదొకటి ఉంది. గిట్ అనే పనిముట్టు ప్రోగ్రాములో ప్రతి లైనూ ఎవరు, ఎప్పుడు రాశారో చూపిస్తుంది. అది చూసి ‘ఇది ఫలానావాళ్ళు చేశారు’ అని తేల్చేస్తాం. బోర్డు మీద డిజైను గీసినవాళ్ళూ, అర్ధరాత్రి ఫోన్లో ‘తప్పు అక్కడ కాదు, ఇక్కడ వెతుకు’ అని చెప్పినవాళ్ళూ అందులో కనపడరు. ఆ రికార్డు అబద్ధం చెప్పదు. కాకపోతే దాన్ని అడగవలసిన ప్రశ్న అది కాదు.

లెక్కలంటే ఇష్టపడేవాళ్ళ కోసం ముందు లెక్కలే చూద్దాం. 2006లో రేష్మా జగ్సీ, ఆవిడ సహచరులు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక పరిశీలన ప్రచురించారు. ఆరు పేరున్న వైద్య పత్రికల్లో, అమెరికా సంస్థల నుంచి రాసిన వైద్యుల్లో స్త్రీలు ఎందరో చూశారు. 1970లో మొదటి రచయితల్లో స్త్రీలు 5.9 శాతం, 2004కి 29.3 శాతం. చివరి రచయితల్లో 3.7 శాతం నుంచి 19.3 శాతం. అంటే పని చేసినవారి స్థానంలో కన్నా పెద్ద దిక్కు స్థానంలో స్త్రీలు ఎప్పుడూ తక్కువే. నన్ను ఎక్కువ ఆపింది పిల్లల వైద్యం పత్రిక ‘జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్స్’ లెక్క. 1970లో అక్కడ మొదటి రచయితల్లో స్త్రీలు 15 శాతం. మిగతా పత్రికలతో పోలిస్తే చాలా నయం. అదే ఏడాది అదే పత్రికలో చివరి పేరుగా ఉన్న స్త్రీలు 4.3 శాతం. పిల్లల వైద్యం ఆడవాళ్ళకి తగిన పని అని పంపించినచోట కూడా, గది తాళం చెవులు ఇంకెవరి దగ్గరో ఉన్నాయన్నమాట.

ఈ లెక్క 1970లో మొదలవుతుంది. అంతకుముందు మాటేమిటి? రెండు శనివారాలు కూర్చుని పబ్‌మెడ్ నుంచి పిల్లల గుండె వైద్యం మీద పాత వ్యాసాల వివరాలు దించి, పేరును బట్టి ఆడో మగో ఊహించే ప్రోగ్రాముకి ఇద్దామనుకున్నాను. ఆ పని ఎంతో దూరం పోలేదు. పబ్‌మెడ్‌లో రచయితల పూర్తి పేర్లు ఇవ్వడం 2002 నుంచీ మొదలైంది. అంతకుముందువి చాలావరకు ఇంటిపేరు, పొడి అక్షరాలూ మాత్రమే. 1945 వ్యాసం అక్కడ ‘బ్లేలాక్ ఎ, టౌసిగ్ హెచ్ బి’. ఆ హెచ్ అంటే హెన్రీయో హెలెనో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఎవరి చరిత్రను లెక్కపెట్టాలనుకుంటున్నామో వాళ్ళే ఆ రెండక్షరాల వెనక దాగి ఉన్నారు. ఇక మన పేర్ల సంగతి సరేసరి. కిరణ్, జ్యోతి, శశి అంటే ఆ ప్రోగ్రాము ఏం చెబుతుందో చూడటం మంచి కాలక్షేపం.

ఇంకో తమాషా. ఆ 1945 పేపరులో పేరు లేని మూడో మనిషి వివియన్ థామస్. నల్లజాతి యువకుడు, వడ్రంగం పని నేర్చినవాడు. డాక్టరు చదువుకని దాచుకున్న డబ్బు ఆర్థికమాంద్యంలో పోయింది. 1930లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో బ్లేలాక్ ప్రయోగశాలలో చేరాడు. చేసేది పరిశోధన సహాయకుడి పని, జీతాల చిట్టాలో మాత్రం హోదా జానిటర్. ఆడపిల్ల పుడుతుందని తల్లి వివియన్ అనే పేరు ముందే అనుకుందట. అబ్బాయి పుడితే ఒక్క అక్షరం మార్చి అదే ఉంచారట. నేను వాడిన ప్రోగ్రాము థామస్‌ని ఆడమనిషి అంది. ఆయన పేరు గనక ఆ పేపరు మీద ఉండి ఉంటే, నా లెక్కలో ముగ్గురు రచయితల్లో ఇద్దరు స్త్రీలు అయ్యేవారు.

సరే, యంత్రాన్ని పక్కన పెట్టి మనుషుల దగ్గరికే వెళ్దాం. ఈ శాఖ హెలెన్ టౌసిగ్‌తో మొదలవలేదు. మాంట్రియల్‌లో ఒక మ్యూజియంతో మొదలైంది.

మాడ్ అబట్ మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 1890లో బి.ఏ. పూర్తి చేసింది. మెడిసిన్ కూడా అక్కడే చదువుతానంటే కుదరదన్నారు, స్త్రీలని తీసుకోరు. అదే ఊళ్ళో బిషప్స్ కాలేజీవాళ్ళు తీసుకున్నారు. 1894లో డాక్టరు పట్టా, దానితో పాటు బహుమతులూ వచ్చాయి. తర్వాత గుండెలో వినిపించే చప్పుళ్ళ మీద ఒక పత్రం రాస్తే, మాంట్రియల్ వైద్యుల సంఘంలో దాన్ని ఆవిడ తరఫున ఒక మగ డాక్టరు చదివాడు. స్త్రీలకి సభ్యత్వం లేదు మరి. పత్రం బాగుందని ఆ తర్వాత ఆవిడనే మొదటి మహిళా సభ్యురాలిగా చేర్చుకున్నారు. మెక్‌గిల్ వాళ్ళు 1898లో ఒక ఉద్యోగం ఇచ్చారు. వైద్య కళాశాల మ్యూజియంలో సహాయ క్యూరేటర్. శవపరీక్షల్లో తీసి సీసాల్లో పెట్టిన అవయవాలకి పేర్లు రాసి, వరసగా సర్దడం. పేరు తెచ్చుకోవాలనుకునే డాక్టరు ఎవడూ అడగని పని.

ఆ సీసాల్లో పుట్టుకతో లోపం ఉన్న గుండెలు చాలా ఉన్నాయి. అప్పటికి అవి వైద్యులకి వింతవస్తువులు. ఎవరో ఒకరు ఒక గుండెను చూసి ఆశ్చర్యపోయి ఓ వ్యాసం రాసి ఊరుకునేవాళ్ళు. అబట్ వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. ఏ లోపం దేనితో కలిసి వస్తుంది, ఏ లోపం ఉన్నవాళ్ళు ఎన్నాళ్ళు బతికారు, నీలంగా మారినవారెవరు, మారనివారెవరు అని పట్టికలు వేసింది. విలియం ఆస్లర్ అప్పటి ఆంగ్ల వైద్యప్రపంచంలో అందరికన్నా పెద్ద పేరు. ఆ మ్యూజియం విలువేమిటో ఆవిడకి చెప్పినవాడూ ఆయనే. తను సంపాదకత్వం వహిస్తున్న వైద్య గ్రంథానికి పుట్టు గుండె లోపాల అధ్యాయం రాయమని ఆవిడని అడిగాడు. 1908లో వచ్చిన ఆ అధ్యాయంలో 412 కేసుల విశ్లేషణ ఉంది. ఆస్లర్ దాన్ని ఆకాశానికెత్తుతూ ఆవిడకి ఉత్తరం రాశాడు.

1910లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం అబట్‌కి గౌరవ వైద్య పట్టా ఇచ్చింది. వినడానికి బాగుంది. కానీ స్త్రీలని వైద్య విద్యార్థులుగా చేర్చుకోవడానికి అదే విశ్వవిద్యాలయానికి మరో ఏడెనిమిదేళ్ళు పట్టింది. గౌరవ పట్టాకి తలుపు తెరవనక్కర్లేదు, కిటికీలోంచి అందించినా సరిపోతుంది. ఆవిడ అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్ దాటి పైకి పోలేదు. 1936లో, పదవీ విరమణ చేసిన ఏడే, వెయ్యి కేసులతో పుట్టు గుండె జబ్బుల అట్లాస్ ప్రచురించింది. టౌసిగ్ తరం వాళ్ళందరికీ అది దారి చూపిన పుస్తకం. మెక్సికో నగరంలోని హృద్రోగ సంస్థ గోడ మీద డియేగో రివేరా 1940లలో గుండె వైద్య చరిత్రను బొమ్మలుగా వేశాడు. అంతమంది మగ మహామహుల మధ్య ఉన్న ఒకే ఒక్క స్త్రీ మాడ్ అబట్.

అట్లాస్ అనే ప్రక్రియ గురించి ఒక మాట. అట్లాస్‌కి మొదటి రచయిత, చివరి రచయిత అంటూ ఉండరు. దానికి ఆపరేషన్ థియేటరు అక్కర్లేదు, డిపార్ట్‌మెంటు అధిపతి కానక్కర్లేదు. కావలసింది ఓపిక, ఎవరికీ అక్కర్లేని సీసాలు, కొన్ని దశాబ్దాల కాలం. స్త్రీలకి వైద్యరంగం వదిలిపెట్టిన ఆస్తులు సరిగ్గా ఇవే. పరిశోధన పత్రాలు మాత్రమే లెక్కపెట్టే ఏ పద్ధతిలోనైనా ఇవన్నీ కొలత బయటే ఉంటాయి.

హెలెన్ టౌసిగ్ కథ కూడా తిరస్కారంతోనే మొదలవుతుంది. తండ్రి హార్వర్డ్‌లో పేరున్న ఆర్థికశాస్త్ర ఆచార్యుడు. కూతురు అక్కడి ప్రజారోగ్య విభాగానికి వెళితే, క్లాసులకి రావచ్చు గానీ డిగ్రీ ఇవ్వమన్నారు. డిగ్రీ రాని చదువుకి ఎవరైనా వస్తారా అని ఆవిడ అడిగితే, ఎవరూ రారనే మా ఆశ అన్న అర్థంలో జవాబు వచ్చిందట. హార్వర్డ్ మెడికల్ స్కూల్ స్త్రీలని చేర్చుకుంది 1945లో, ఆవిడ పేపరు జామాలో అచ్చయిన ఏడాది. ఆవిడ చివరికి చేరింది హాప్‌కిన్స్‌లో. అక్కడ స్త్రీలని ఎందుకు తీసుకున్నారంటే పెద్ద మనసుతో కాదు. 1893లో ఆ వైద్య కళాశాల తెరవడానికి డబ్బు చాలక ఇబ్బంది పడుతుంటే, మేరీ గారెట్ అనే సంపన్నురాలు మూడు లక్షల డాలర్లకు పైగా ఇచ్చి, మగవాళ్ళతో సమానంగా స్త్రీలనీ చేర్చుకోవాలని షరతు పెట్టింది. చరిత్రలో కొన్ని తలుపులు వాదనతో కన్నా చెక్కుతో తొందరగా తెరుచుకున్నాయి.

1927లో ఎం.డి. అయ్యాక టౌసిగ్ పిల్లల విభాగానికి వెళ్ళింది. 1930లో అధిపతి ఎడ్వర్డ్స్ పార్క్ పిల్లల గుండె క్లినిక్ అప్పగించాడు. కీళ్ళవాతం వల్ల గుండె చెడిన పిల్లలు ఎక్కువగా వచ్చేవాళ్ళు. వాళ్ళతో పాటు పుట్టు లోపాలున్న పిల్లల్ని కూడా చూడమని పార్క్ పట్టుబట్టాడు. బాగుచెయ్యలేని జబ్బులు, వాటిని చదివి ప్రయోజనమేమిటని అప్పుడు చాలామంది అభిప్రాయం. మళ్ళీ అదే కథ, సీసాల బదులు బతికున్న పిల్లలు. పైగా ఆ రోజుల్లోనే ఆవిడకి వినికిడి పోతూ వచ్చింది. గుండె డాక్టరుకి చెవులే ఆధారం కదా. ఆవిడ వేళ్ళతో పిల్లల ఛాతీ తాకి గుండె చప్పుడుని తెలుసుకోవడం నేర్చుకుంది. ఫ్లోరోస్కోపు కింద పిల్లల్ని అటూ ఇటూ తిప్పి గుండె ఆకారం చూసి, లోపల ఏం జరుగుతోందో ఊహించేది.

అలా చూడగా తెలిసిన సంగతి ఇది. పుట్టిన కొత్తలో పిల్లల గుండె దగ్గర ఒక చిన్న నాళం తెరిచి ఉంటుంది, తర్వాత తనంతట తనే మూసుకుపోతుంది. కొందరు నీలి పాపలు ఆ నాళం మూసుకుపోయాకే క్షీణిస్తున్నారు. అంటే వాళ్ళని అప్పటిదాకా బతికించింది ఆ నాళమే. మరి అలాంటి దాన్ని కృత్రిమంగా కట్టలేమా? బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ 1938లో ఆ నాళం మూసుకుపోని పిల్లలకి దాన్ని కట్టివేసి పేరు తెచ్చుకున్నాడు. టౌసిగ్ ఆయన దగ్గరికి వెళ్ళి అడిగింది. మూసే పనిలో ఉన్నవాడికి తెరిచే పని రుచించలేదు. 1941లో బ్లేలాక్ వాండర్‌బిల్ట్ నుంచి హాప్‌కిన్స్‌కి సర్జరీ అధిపతిగా వచ్చాడు, వెంట వివియన్ థామస్‌ని తెచ్చుకున్నాడు. టౌసిగ్ తన ప్రశ్న వాళ్ళ ముందు పెట్టింది.

ధమనులు కలిపి కుట్టే పని బ్లేలాక్, థామస్ అంతకుముందే కుక్కల మీద వేరే ప్రశ్న కోసం చేసి ఉన్నారు. ఇప్పుడు కుక్కల్లో నీలి జబ్బు లాంటిది తెప్పించి, మళ్ళీ దాన్ని సరిచెయ్యడం థామస్ పనైంది. దాదాపు రెండు వందల కుక్కలు. సూదులు, క్లాంపులు కూడా ఆయనే తయారుచేసుకున్నాడు. 1944 నవంబర్ 29న ఎయిలీన్ సాక్సన్ అనే పాపకి ఆపరేషన్ జరిగింది. ఏడాది దాటినా నాలుగు కిలోల చిల్లర బరువు. బ్లేలాక్ కుడుతుంటే, వెనక స్టూలు మీద నిలబడి ఎటు నుంచి సూది గుచ్చాలో థామస్ చెబుతూ ఉన్నాడు. పాప కోలుకుంది గానీ కొన్ని నెలలకి పోయింది. తర్వాతి ఇద్దరితో కలిపి మూడు కేసులు, పేపరు.

దీన్ని దొంగతనం కథగా చెప్పడం తేలిక, కొందరు చెప్పారు కూడా. నాకు అలా అనిపించదు. బ్లేలాక్ టౌసిగ్ పేరు పెట్టాడు. ఆపరేషన్‌కి ఇద్దరి పేర్లూ వచ్చాయి, బ్లేలాక్-టౌసిగ్ షంట్ అని. 1954లో లాస్కర్ బహుమతి బ్లేలాక్, టౌసిగ్, గ్రాస్ ముగ్గురికీ ఇచ్చారు. ఆలోచన మొదట ఎవరిదన్న దాని మీద ఇద్దరి జ్ఞాపకాలూ పూర్తిగా కలవలేదు. సర్జన్ తన చేతిలో అప్పటికే ఉన్న కుట్టుని గుర్తుచేసుకుంటాడు, డాక్టరమ్మ తను పదేళ్ళుగా మోస్తున్న ప్రశ్నని గుర్తుచేసుకుంటుంది. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. కానీ కత్తి పట్టినవాడి పేరు ముందుండటం అప్పుడు ఎవరికీ వింతగా తోచలేదు. కుక్కలకి కుట్టినవాడి పేరు లేకపోవడం అంతకన్నా తోచలేదు. ఎవరో ఒక దుర్మార్గుడు ఉంటే కథ సులువయ్యేది.

ఫలితాలు మాత్రం ఆ వరసనే నడిచాయి. బ్లేలాక్ 1945లోనే నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కి ఎన్నికయ్యాడు. టౌసిగ్ 1973లో. మధ్యలో ఇరవయ్యెనిమిదేళ్ళు. హాప్‌కిన్స్ ఆవిడని పూర్తి ప్రొఫెసర్‌ని చేసింది 1959లో, అరవయ్యో ఏడు దాటాక. థామస్‌కి 1976లో గౌరవ డాక్టరేటు ఇచ్చారు. ఇప్పుడు చాలామంది ఆ ఆపరేషన్‌ని బ్లేలాక్-థామస్-టౌసిగ్ షంట్ అంటున్నారు. 1945 పేపరు మీద మాత్రం ఇప్పటికీ రెండు పేర్లే, అచ్చయినదాన్ని ఎవరూ దిద్దరు.

టౌసిగ్ తన లెక్క వేరేచోట సరిచేసుకుందనుకుంటాను. 1947లో పుట్టు గుండె లోపాల మీద పెద్ద పుస్తకం రాసింది, ఒక్కతే. అబట్ దారే. ఆ పుస్తకం చదివి, ఆవిడ క్లినిక్‌లో నేర్చుకుని వెళ్ళినవాళ్ళు ఎన్నో చోట్ల పిల్లల గుండె విభాగాలు పెట్టారు. వాళ్ళలో మనకి దగ్గరైనవారు ఎస్. పద్మావతిగారు. బర్మాలో పుట్టి, యుద్ధంలో అక్కడి నుంచి వచ్చేసి, ఇంగ్లండు మీదుగా హాప్‌కిన్స్‌కి వెళ్ళి టౌసిగ్ దగ్గర చదివారు. తిరిగొచ్చి ఢిల్లీ లేడీ హార్డింజ్ కాలేజీలో గుండె వైద్యం మొదలుపెట్టారు. అది స్త్రీల కాలేజీ, స్త్రీల ఆస్పత్రి. ఢిల్లీలో ఊపిరితిత్తుల జబ్బు వల్ల గుండె కుడివైపు దెబ్బతినడం గురించి పద్మావతిగారు సహరచయితతో కలిసి 1959లో ‘సర్క్యులేషన్’ పత్రికలో రాశారు. పొగతాగే మగవాళ్ళ జబ్బుగా పడమటి దేశాలు చూసినది ఇక్కడ ఆడవాళ్ళలో కనబడుతోంది. అనుమానం వంటింటి పొగ మీదకి, పిడకల మీదకి వెళ్ళింది. పేషెంట్ల వరసలో ఆడవాళ్ళు కూడా ఉన్నచోట ఉన్న డాక్టరుకే ఆ ప్రశ్న తట్టే అవకాశం ఎక్కువ. రచయితల్లో స్త్రీలు ఎందరన్న లెక్క ఉద్యోగాల పంపకం గొడవ మాత్రమే అనేవాళ్ళకి నేను ఈ పేపరే చూపిస్తాను. దీన్ని ఎవరూ రాయకపోతే నష్టపోయేది ఆ పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళు.

టౌసిగ్ 1963లో పదవీ విరమణ చేసింది, పని మానలేదు. ఆఖరి ఏళ్ళలో పక్షుల గుండెలు సేకరించి కోసి చూసేది. మనుషుల్లో కనిపించే పుట్టు లోపాలు వాటిల్లోనూ ఉంటే, వాటి మూలం పరిణామంలో ఎంతో వెనక ఉండాలన్నది ఆవిడ ఆలోచన. 1986లో కారు ప్రమాదంలో చనిపోయింది. ఆ పని రెండేళ్ళ తర్వాత, 1988లో, అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో వచ్చింది. పబ్‌మెడ్‌లో దాని రచయితల గడిలో ఒకే పేరు ఉంది, టౌసిగ్ హెచ్ బి. మొదటి రచయితల పట్టీలో వెయ్యాలో, చివరి రచయితల పట్టీలో వెయ్యాలో నా ప్రోగ్రాముకి నేను చెప్పలేదు. అది రెండిట్లోనూ వేసుకుంది.